మూడో తాళంచెవి

వ్యాన్ వెనక తలుపు తెరుచుకుంటుంది!

ఎవరూ ముట్టుకోలేదు. పరుగు మీదున్న వ్యాన్. ఫ్లైఓవర్ మధ్యలో. పట్టపగలు.

"ఏయ్... ఏయ్! తలుపు!" జీపు ముందు సీట్లోంచి ఇన్‌స్పెక్టర్ అరుస్తాడు.

వెనక సీట్లో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న ఆవిడ తలెత్తి చూస్తుంది. పై ప్రాణాలు పైనే పోతాయి.

కళ్లెదురుగా బార్లా తెరుచుకున్న తలుపు. లోపల బెంచీ కమ్మీని రెండు చేతులా కరుచుకుని ఒక పెద్దావిడ. నర్సు. ఆమె నడుం గట్టిగా పట్టుకుని లేడీ కానిస్టేబుల్.

కింద రోడ్డు సర్రున జారిపోతోంది.

జీపుకీ వ్యాన్‌కీ మధ్యలోకి ఒక బైక్ దూరుతుంది. మీద ఇద్దరు. హెల్మెట్లు. వెనకవాడి చేతిలో నల్లగా ఏదో...

"గన్!" జీపు డ్రైవర్ గొంతు కీచుమంటుంది.

"తలుపు ముయ్యండి మేడమ్! ఆ తలుపులు మీవే కదా!" ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగి అరుస్తాడు.

ఆవిడవే. పోలీసులకి ఈ వ్యాన్ అద్దెకిచ్చిన కంపెనీలో తాళాలన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. ఆఫీసులో అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. వాచ్‌మన్ నుంచి మేనేజర్ దాకా అందరికీ తాళాలక్క.

తాళాలక్క వేళ్లు కీబోర్డు మీద పరిగెడతాయి.

'సారథీ, తలుపు ముయ్!'

సారథి మనిషి కాదు. ఏఐ ఏజెంట్. ఏ దారిన వెళ్లాలి, ఏ గేటు ఎప్పుడు తెరవాలి, ఏ తలుపు ఎప్పుడు వెయ్యాలి... అన్నీ అదే చూసుకుంటుంది. స్టీరింగ్ ఒక్కటే డ్రైవర్ చేతిలో.

'మూస్తున్నాను,' స్క్రీన్ మీద జవాబు.

తలుపు కదులుతుంది. సగం దాకా వస్తుంది. ఆగుతుంది...

మళ్లీ తెరుచుకుంటుంది!

'ఎందుకు తెరిచావ్?'

'నేను తెరవలేదు. బయటినుంచి ఎవరో తలుపుల్ని కదిపే టూల్‌కి నేరుగా ఆర్డర్ పంపుతున్నారు. నా కీ వాడి.'

సారథి కీనా?

తాళాలక్క టైప్ చేస్తుంది. 'కీ నీకెలా తెలుసు?'

'నాకిచ్చిన సూచనల్లోనే రాసి ఉంది. చదివి వినిపించమంటారా?'

ఢాం!

తలుపు అంచు నుంచి నిప్పురవ్వలు. నర్సు కేక.

తాళాలక్క ఇంక ఆలోచించదు. ఆ కీని చంపేస్తుంది. ఒక్క నొక్కు. రద్దు! ఇప్పుడు అది ఎవడి దగ్గరున్నా ఉత్త అక్షరాల వరస. కొత్త కీ పుట్టిస్తుంది. వాల్ట్‌లో పడేస్తుంది. తలుపుల టూల్‌కి మాత్రమే. ఈ వ్యాన్‌కి మాత్రమే. ఈ ఒక్క ప్రయాణానికి మాత్రమే.

'ముయ్!'

ధన్!

తలుపు మూసుకుంటుంది. ఈసారి మూసుకునే ఉంటుంది.

జీపు ముందుకు దూకుతుంది. బంపర్ బైక్ వెనక చక్రాన్ని ముద్దాడుతుంది. బైక్ వంకర్లు పోయి, గోడకి రాసుకుంటూ, పక్క ర్యాంపు మీదుగా కిందికి జారిపోతుంది. మాయం!

"వదిలెయ్ వాళ్లని. వ్యాన్ వెనకే పోనీ," అంటాడు ఇన్‌స్పెక్టర్. వైర్‌లెస్ అందుకుంటాడు. "లోపల ఎలా ఉన్నారు?"

కానిస్టేబుల్ జవాబు చెప్పేలోపే నర్సు గొంతు ఖంగుమంటుంది.

"ఎవరమ్మా ఆ తలుపులు చూసే అమ్మాయి? ఎన్నో ఎమర్జెన్సీలు చూశాను గానీ ఇలా రోడ్డు మీదికి ఊడిపడబోవడం ఇదే మొదలు! నేను కోర్టుకి నడిచి వెళ్లినా ఇంతకన్నా క్షేమంగా వెళ్లేదాన్ని!"

తాళాలక్కకి నవ్వు రాబోయి ఆగిపోతుంది.

నర్సు మాట మీదే కేసంతా నిలబడి ఉంది. ఐసీయూలో ఉన్న ఒక మనిషి ముఖం మీది ఆక్సిజన్ మాస్క్ పీకేసి చంపాడు, అతని వ్యాపారంలో భాగస్వామి అయిన కాంట్రాక్టర్. నర్సు కళ్లారా చూసింది. గది తలుపు దగ్గర కాపలాగా ఇంకొకడు నిలబడ్డాడట. వాడెవడో ఇప్పటిదాకా తేలలేదు. కాంట్రాక్టర్ జైల్లో ఉన్నాడు. మనుషులు మాత్రం బయటే ఉన్నారు.

ఈ రోజు నర్సు కోర్టులో నోరు విప్పాలి.

"ఏం జరిగింది? నాకు అర్థమయ్యేలా చెప్పండి," వెనక్కి తిరుగుతాడు ఇన్‌స్పెక్టర్. చూపు సూదిలా ఉంది.

"సార్... ఏజెంట్ అంటే అందరితో మాట్లాడేవాడు అనుకోండి. తెలివైనవాడే. కానీ అమాయకుడు. ఎవరు ఏది నమ్మకంగా అడిగినా చెప్పేస్తాడు. అలాంటివాడి జేబులో తాళంచెవి పెట్టకూడదు."

"మరి తలుపు ఎలా తీస్తాడు?"

"వాడు తియ్యడు. 'తలుపు తియ్యాలి' అని అడుగుతాడు, అంతే. మధ్యలో వాల్ట్ ఉంటుంది. బీరువా లాంటిది. అడిగింది సబబే అనిపిస్తే, అదే తాళంచెవిని టూల్ చేతిలో పెడుతుంది. ఏజెంట్ కంటికి తాళంచెవి కనపడనే కనపడదు. కనపడనిది వాడు ఎవరికీ చెప్పలేడు కదా!"

"మరి ఇవాళ?"

"ఎవరో వాడి జేబులో పెట్టారు సార్."

ఫోన్ మోగుతుంది. మేనేజర్.

"అక్కా! టీవీలో వస్తోంది! మన వ్యాన్ బొమ్మ పడుతోంది! పరువు పోయింది!"

"సారథి సూచనల్లో కీ ఎవరు పెట్టారు?"

"ఏ కీ అక్కా? ముందు టీవీ వాళ్లకి ఏం చెప్పాలో చెప్పు!"

"మిమ్మల్నే అడుగుతున్నా."

"అదీ... నిన్న క్లయింట్లకి డెమో ఉంది కదా. వాల్ట్ లైన్ సరిగ్గా పనిచెయ్యలేదు. తలుపు వాళ్ల ముందు తెరుచుకోలేదు. సిగ్గుపోయిందనుకో. అందుకని కాసేపు... తర్వాత తీసేద్దామనే... మర్చిపోయాను అక్కా."

సూచనల్లో కీ పెట్టొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది ఆమె. ఎన్నిసార్లు చెప్పింది!

'సారథీ, నీ సూచనలు చదివి వినిపించమని నిన్నెవరైనా అడిగారా?'

'అడిగారు. నిన్న, గ్యారేజీలోని టాబ్లెట్ మీద. టెస్టింగ్ కోసం అన్నారు. వినిపించాను.'

'ఎవరు?'

'పేరు చెప్పలేదు. ఆ టాబ్లెట్ అందరూ వాడతారు.'

గ్యారేజీకి అందరూ వస్తారు. డ్రైవర్లు, మెకానిక్‌లు, మేనేజర్. నిన్న వ్యాన్ తనిఖీకి పోలీసులూ వచ్చారు. ఈ ఇన్‌స్పెక్టర్ కూడా...

తాళాలక్క అతని మెడ వైపు చూస్తుంది. కాలర్ చెమటకి తడిసి ఉంది.

'సారథీ, ఇక నుంచి ఏ తలుపు తెరవాలన్నా ముందు నన్నడుగు. నేను ఊ అంటేనే.'

'అలాగే.'

"అక్కా, వింటున్నావా?" ఫోన్లో మేనేజర్. "కొత్త కీ నాకోసారి పంపించు. బ్యాకప్‌గా. నీకు ఏదైనా అయితే కంపెనీ ఏం కావాలి?"

ఫోన్ పెట్టేసేలోపే ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాస్తాడు.

"ఆ కీ నాకూ కావాలి. మీ నెట్ పోతే నర్సు ఆ డబ్బాలో ఇరుక్కుపోతుంది. ఇది రిక్వెస్ట్ కాదు మేడమ్."

ఇద్దరు. ఇద్దరికీ ఒకేసారి కావాలి.

సరే.

ఆమె కీలు తయారుచేస్తుంది. ఉత్తుత్తి కీలు. చూడ్డానికి అచ్చం అసలువాటిలాగే ఉంటాయి. కానీ దేన్నీ తెరవవు. ఎవరైనా వాడితే మాత్రం ఆమె స్క్రీన్ మీద ఎర్రగా వెలుగుతుంది, అది ఎవరికిచ్చినదో పేరుతో సహా.

ఒకటి మేనేజర్‌కి. ఒకటి ఇన్‌స్పెక్టర్‌కి.

"ఇదే కొత్త తాళం సార్. జాగ్రత్త."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చూసుకుని జేబులో పెట్టుకుంటాడు.

ఫోన్ మళ్లీ మోగుతుంది. ఈసారి వ్యాన్ డ్రైవర్. ఆమె గొంతు దానంతట అదే మెత్తబడుతుంది.

"ఒరేయ్, బాగానే ఉన్నావా?"

"నేను బాగానే ఉన్నా అక్కా. నువ్వేం భయపడకు."

తమ్ముడు. అమ్మ పోయాక చంకన వేసుకుని పెంచింది. ఎక్కడా కుదురుగా ఉండేవాడు కాదు. ఎవరెవరి దగ్గరో కార్లు తోలాడు. ఈ మధ్యే కాళ్లావేళ్లా పడి తన కంపెనీలో పెట్టించింది. ఇవాళ డ్యూటీ వాడిది కాదు. 'నువ్వు వెళ్తుంటే నేను ఇంట్లో ఎలా కూర్చుంటానక్కా' అని మార్పించుకున్నాడు.

"అక్కా, ఆ కొత్త తాళం నాకూ పంపవే. వెనక వాళ్లున్నారు. మంటలే వచ్చాయనుకో, నేను చూస్తూ కూర్చోవాలా?"

మాట నిజమే. కానీ అసలుది ఎవరికీ ఇవ్వకూడదు. వాడికైనా సరే. అది ఆమె రూల్.

మూడోది తయారుచేస్తుంది. తమ్ముడికి పంపుతుంది. అనుమానంతో కాదు. వాడి మనసు కుదుటపడుతుందని.

ఫ్లైఓవర్ దిగుతారు. సిగ్నల్. మార్కెట్. తోపుడు బళ్లు. హారన్లు. వ్యాన్ ముందు, జీపు వెనక.

తాళాలక్క స్క్రీన్ మీంచి కళ్లు తిప్పదు. ఎవరిది వెలుగుతుంది? మేనేజర్‌దా? తన ముందు కూర్చున్న ఈ మనిషిదా? ఇతనిదే అయితే... ఇతని నడుముకి పిస్టల్ ఉంది!

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీస్తాడు. ఏదో టైప్ చేస్తున్నాడు.

ఆమె అతని భుజం మీదుగా తొంగి చూస్తుంది.

ఎర్ర వెలుగు!

'ఉత్తుత్తి కీ వాడారు. ముక్కూ మొహం తెలియని ఫోన్ నుంచి. తలుపు తెరవమని.'

పక్కనే పేరు.

ఆమె చదువుతుంది. మళ్లీ చదువుతుంది.

మూడోది.

కాదు. ఫోన్ పోగొట్టుకుని ఉంటాడు. లేకపోతే ఎవడో లాక్కుని ఉంటాడు. లేకపోతే...

తమ్ముడికి కాల్ చేస్తుంది. "ఒరేయ్... ఆ తాళం ఎవరికైనా పంపావా?"

"ఒట్టక్కా! ఎవరికీ పంపలేదు!"

చిన్నప్పటి నుంచీ అంతే. వాడు నిజం చెప్పేటప్పుడు ఒట్టు పెట్టడు.

"సార్!" ఆమె ముందుకు వంగుతుంది. "వ్యాన్ ఆపించండి. డ్రైవర్... మా తమ్ముడే."

ఇన్‌స్పెక్టర్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యడు. "పోనీ! అడ్డం కొట్టు!"

ఆలస్యమైపోయింది. వ్యాన్ ఉన్నట్టుండి ఎడమకి తిరుగుతుంది. కోర్టు కుడివైపు!

జీపు తిరగబోతుంది. సందు మొదట్లో ఒక టిప్పర్ రివర్స్‌లో వచ్చి అడ్డంగా నిలబడుతుంది. డ్రైవర్ దూకి పారిపోతాడు.

"దిగండి!"

పరుగు!

ముందు ఇన్‌స్పెక్టర్. వెనక తాళాలక్క. చంకలో లాప్‌టాప్. చెవి దగ్గర ఫోన్. లైన్ ఇంకా కట్ కాలేదు. టిప్పర్‌కీ గోడకీ మధ్య సందులోంచి దూరతారు. ఆమె భుజం చర్మం లేచిపోతుంది. తెలియదు.

సందు చివర మూతపడ్డ నూలు మిల్లు. తుప్పు గేటు తీసి ఉంది. ఆవరణలో వ్యాన్ ఆగి ఉంది. చుట్టూ ముగ్గురు. ఫ్లైఓవర్ మీది బైక్ అక్కడే ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఆమెని గేటు పక్క గోడ వెనక్కి లాగుతాడు. "తలొంచండి!"

ఫోన్లో తమ్ముడి గొంతు. కంగారుగా. "అక్కా! తాళం పనిచెయ్యట్లేదే!"

ఆమె కళ్లు మూసుకుంటుంది.

"నువ్వెందుకు తీస్తున్నావురా?"

"అక్కా, ముందు తియ్యి!"

"చెప్పు. ఎందుకు?"

"అక్కా... బెదిరించారక్కా. నిన్ను చంపేస్తామన్నారు. ఏం చెయ్యను? నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

వ్యాన్ పక్కన బట్టతలవాడు డ్రైవర్ క్యాబిన్ అద్దం మీద తుపాకీ మడమతో బాదుతున్నాడు. "తియ్యరా! తాళం తెచ్చానన్నావ్ కదా! తియ్!"

"నన్ను చంపేస్తారక్కా! నా వైపు తలుపైనా తియ్యి, దూకి పారిపోతా!"

లాప్‌టాప్ మీద సారథి.

'డ్రైవర్ ప్రాణాపాయం అంటున్నాడు. అతని తలుపు తెరవమంటున్నాడు. తెరవనా?'

రెండు బటన్లు. తెరువు. వద్దు.

ఆమె వేలు తెరువు మీదే ఉంది. ఎన్నిసార్లు వాణ్ణి కాపాడలేదు! స్కూల్లో, వీధిలో, తాగి పడిపోయిన రోజున...

క్యాబిన్ తెరుచుకుంటే వ్యాన్ వాళ్ల చేతిలోకి పోతుంది. నర్సుతో సహా.

వద్దు.

"అక్కా!"

"లోపలే ఉండు. ఆ అద్దంలోంచి బుల్లెట్ దిగదు. నా మాట విను. కిందికి వంగి కూర్చో!"

ఢాం! ఢాం!

బట్టతలవాడు కాలుస్తాడు. అద్దం మీద తెల్లటి మచ్చలు. పగలదు.

ఇన్‌స్పెక్టర్ గోడ పక్కనుంచి బయటికి వస్తాడు. ఒక మోకాలు నేలకి ఆనిస్తాడు. ఒక్కటే షాట్. బట్టతలవాడు తొడ పట్టుకుని కూలబడతాడు. తుపాకీ ఎగిరి పడుతుంది. మిగతా ఇద్దరు బైక్ ఎక్కడానికి పరిగెడతారు. వెనక నుంచి సైరన్లు. మిల్లు రెండో గేటు దగ్గర పోలీసు వ్యాన్ అడ్డం తిరుగుతుంది. ఇద్దరూ చేతులెత్తేస్తారు.

అయిపోయింది.

తాళాలక్క గోడకి చేరగిలబడిపోతుంది. అయినా లేస్తుంది. వ్యాన్ దగ్గరికి నడుస్తుంది. అద్దం అవతల తమ్ముడు. టోపీ ఎక్కడో పడిపోయింది. చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు.

"సార్... వాణ్ణి బెదిరించారు. నన్ను అడ్డం పెట్టుకుని బెదిరించారు. వాడు చెడ్డవాడు కాదు సార్."

ఇన్‌స్పెక్టర్ ఆమె ముఖంలోకి చూస్తాడు. మొదటిసారి ఆ చూపులో సూది లేదు. "ఉన్నదున్నట్టు చెప్తే... చూద్దాం. ముందు నర్సుని జీపు ఎక్కించాలి. టైమ్ లేదు."

వెనక తలుపు తెరవడానికి ఆమె ఊ అంటుంది. నర్సు దిగుతుంది. చీర కుచ్చిళ్లు దులుపుకుంటుంది. జుట్టు సర్దుకుంటుంది.

"నువ్వేనా తలుపుల అమ్మాయివి? మొత్తానికి బతికించావ్ తల్లీ. పద, త్వరగా. ఆ జడ్జి గారు లేట్ అయితే ఊరుకోరట."

కానిస్టేబుల్ నర్సు మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. వ్యాన్‌లో డ్రైవర్‌కీ వెనక కూర్చున్నవాళ్లకీ మధ్య ఇనుప రేకు ఉంటుంది. పొద్దుట ఎక్కినప్పటి నుంచీ వ్యాన్ తోలింది ఎవరో నర్సు చూడనేలేదు.

తాళాలక్క డ్రైవర్ తలుపు బటన్ మీద వేలు పెడుతుంది. వాణ్ణి ఇంటికి తీసుకెళ్లడం కుదరదు. కానీ పక్కన నిలబడగలదు. లాయర్‌ని పెడుతుంది...

నర్సు ఆగిపోతుంది.

క్యాబిన్ అద్దం ముందు. రెండు అడుగుల దూరంలో.

"అమ్మా, పదండి," అంటుంది కానిస్టేబుల్.

నర్సు కదలదు. ముఖంలో రక్తం చుక్క లేదు.

"వీడే."

"ఎవరు?" ఇన్‌స్పెక్టర్ గిర్రున తిరుగుతాడు.

"ఆ రాత్రి... ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డది వీడే! లోపల ఆ మనిషి కాళ్లు కొట్టుకుంటుంటే నేను పరిగెత్తుకెళ్లాను. నన్ను లోపలికి వెళ్లనివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. ఇలా నవ్వుతూ... 'కాసేపు ఆగమ్మా' అన్నాడు!"

తాళాలక్కకి ఆ మాటలు వినపడతాయి. అర్థం మాత్రం ఒక్కొక్కటిగా దిగుతుంది. ఎవరెవరి దగ్గరో కార్లు తోలాడు... కాంట్రాక్టర్ దగ్గర. ఇవాళ డ్యూటీ మార్పించుకున్నాడు... అక్క కోసం కాదు.

ఎవరూ బెదిరించలేదు.

ఆమె అద్దంలోకి చూస్తుంది. తమ్ముడి ఏడుపు ఆగిపోయింది. కన్నీళ్లు ఇంకా బుగ్గల మీదే ఉన్నాయి. కళ్లు మాత్రం వేరే ఎవరివో.

"తలుపు తియ్ అక్కా." ఫోన్లో, చాలా నెమ్మదిగా. "ఆవిడ అబద్ధం చెప్తోంది. ఒట్టు."

ఆమె వేలు గాల్లో ఆగిపోయింది.

వాడి చెయ్యి సీటు కిందికి వెళ్తుంది. పైకి వస్తుంది.

పిస్టల్!

"వంగండి!" ఇన్‌స్పెక్టర్ అరుపు.

నర్సు బిగుసుకుపోయి అలాగే నిలబడి ఉంది. వాడు గురి పెట్టాడు. సరిగ్గా ఆమె నుదుటికి.

ఢాం!

అద్దం మీద తెల్లగా ఒక మచ్చ. నర్సు నుదుటికి ఎదురుగా.

అద్దం ఇవతలికి ఏమీ రాలేదు.

అద్దానికి తగిలి బుల్లెట్ క్యాబిన్‌లోకే తిరిగి వచ్చింది. తమ్ముడు భుజం పట్టుకుని స్టీరింగ్ మీద వాలిపోతాడు. చొక్కా ఎర్రబడుతోంది.

స్క్రీన్ మీద సారథి. 'డ్రైవర్‌కి గాయమైంది. తలుపు తెరవనా?'

"అక్కా... నెప్పిగా ఉందే..."

ఆమె ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంటుంది.

"తుపాకీ కింద పడెయ్."

"అక్కా..."

"రెండు చేతులూ అద్దానికి ఆనించు. అప్పుడే."

వాడు ఆమెనే చూస్తాడు. తర్వాత ఏదో కింద పడ్డ చప్పుడు. ఒక చెయ్యి అద్దం మీదికి వస్తుంది. ఇంకోటి. నెత్తుటి వేలిముద్రలు.

ఇన్‌స్పెక్టర్ బేడీలు తీసి తలుపు పక్కన నిలబడతాడు.

తాళాలక్క బటన్ నొక్కుతుంది.